నా కనుబొమ్మ రింగు రోగికి అడ్డమా?

పేరు రాయొద్దని కోరిన ఒక నర్సు నుంచి నాలుగు పేజీల ఉత్తరం వచ్చింది. ఆమెకు 29 ఏళ్లు. ఆరేళ్లుగా సర్జికల్ వార్డులో పనిచేస్తున్నారు. నాలుగేళ్ల కిందట ముక్కు కుట్టించుకుని చిన్న పుడక పెట్టుకున్నారు. మూడేళ్ల కిందట ఎడమ కనుబొమ్మకు సన్నటి రింగు, ఐదు నెలల కిందట కుడి చెవి పైభాగానికి ఇంకో రింగు పెట్టించుకున్నారు. కనుబొమ్మ రింగు గురించి ఆమె ఇలా రాశారు: "కోవిడ్ రోజుల్లో మాస్కు, షీల్డు, కాప్ వెనకే బతికాను. డ్యూటీ దిగి అద్దంలో చూసుకుంటే ముక్కు మీద గాట్లు, చెంపల మీద చారలే కనిపించేవి. అదంతా అయిపోయాక ఈ మొహం మళ్లీ నాది అనిపించేలా ఏదైనా చేసుకోవాలనిపించింది."

ఈ మధ్యే కొత్త నర్సింగ్ సూపరింటెండెంట్ వచ్చారు. అదే సమయంలో ఒక రోగి కూతురు, "మొహమంతా గుచ్చుకున్న ఈ అమ్మాయి మా నాన్నకి ఇంజెక్షన్ చేయొద్దు" అని ఫిర్యాదు చేసింది. మర్నాడు పొద్దున, షిఫ్టు మారేటప్పుడు రోగుల సంగతులు అప్పజెప్పే హ్యాండోవర్‌లో పదకొండు మంది ముందు ఇన్‌ఛార్జి సిస్టర్, "ఇది హాస్పిటలా, ఫ్యాషన్ షోనా?" అన్నారు. ఈమె ఏమీ అనలేక లినెన్ రూములోకి వెళ్లి ఏడ్చారు. వారం తిరక్కుండానే సర్క్యులర్ వచ్చింది. చెవి తమ్మెలకు ఒక జత చిన్న దిద్దులు తప్ప పైకి కనిపించే నగలేవీ డ్యూటీలో ఉండకూడదట. గడువు నెల రోజులు. అప్పటిదాకా ప్లాస్టర్ వేసుకోమన్నారు. ఫ్యాషన్ షో అన్న ఆ ఇన్‌ఛార్జి సిస్టర్ వేళ్లకే రాళ్ల ఉంగరాలు రెండున్నాయి. అదే వార్డుకి వచ్చే ఒక డాక్టర్ చెవికి రింగు ఉంది, ఆయన్ని ఎవరూ ఏమీ అనరు. "నాదేనా తప్పు? తీసేయాలా, పోట్లాడాలా, ఉద్యోగం మారాలా?" అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం

అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎక్కువ భాగం కనుబొమ్మ రింగు గురించీ, ఇన్‌ఛార్జి సిస్టర్ అన్న మాట గురించీ ఉంది. నా కన్ను ఆగింది మాత్రం మూడో పేజీ చివర మీరు అలా అలా దాటేసిన ఒక వాక్యం దగ్గర. చెవి దురద పెడుతోందనీ, అప్పుడప్పుడు తెల్లటి రసి కారి ఎండి పక్కు కడుతోందనీ, టెన్షన్ వచ్చినప్పుడు ఆ రింగు తిప్పుతూ ఉంటాననీ రాశారు. ఇదే చెవి ఒక రోగిదైతే చార్టులో ఏమని రాస్తారు? మానని గాయం అనే కదా. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

చెవి తమ్మె కుట్టిస్తే 6 నుంచి 8 వారాల్లో మానుతుంది. పైభాగం అలా కాదు. అక్కడున్నది మృదులాస్థి. దానికి సొంత రక్తనాళాలు లేవు, చుట్టూ ఉన్న పొర నుంచే దానికి పోషణ అందాలి. అందుకే అక్కడ 6 నెలల నుంచి ఏడాది దాకా పడుతుంది. ఇన్ఫెక్షన్ పట్టుకుంటే మందు కూడా అంత తేలిగ్గా చేరదు. సూడోమోనాస్ లాంటి క్రిమి ఆ పొర కింద చేరి చీము పట్టిందంటే మృదులాస్థి దెబ్బతిని చెవి ఆకారమే మారిపోవచ్చు. సర్జికల్ వార్డులో ఉన్న మీకు సూడోమోనాస్ గురించి నేను చెప్పక్కర్లేదు. సింకు దగ్గర, తడి ఉన్న ప్రతిచోటా తిష్ఠ వేస్తుంది. అది వార్డు నుంచి మీ చెవికి రావచ్చు, మీ చెవి నుంచి గాయంలోంచి ద్రవం బయటికి తీసే గొట్టం (డ్రెయిన్) ఉన్న రోగికీ పోవచ్చు.

ఇక ఆ ప్లాస్టర్. గాయం మీద ప్లాస్టర్ వేయమనడం పద్ధతి ప్రకారం తప్పు కాదు, వేలు తెగితే మనమూ వేసుకుంటాం. కానీ రింగు ఉన్న చెవి అంచుకు ప్లాస్టర్ చదునుగా అంటుకోదు. కింద చెమ్మ చేరుతుంది. మాస్కు తాడు తగిలి ఊడుతుంది, మీరు మళ్లీ ఒత్తుకుంటారు, అరగంటకు మళ్లీ ఊడుతుంది. చేయి చెవి దాకా పోకూడదని వేసిన ప్లాస్టరే చేతిని పదేపదే చెవికి రప్పిస్తుంది.

నాకు అసలు భయం ఆ చేతి గురించే. చేతుల శుభ్రతపై ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఇచ్చిన మార్గదర్శకాల్లోని చేతులు శుభ్రం చేసుకోవాల్సిన ఐదు సందర్భాలూ నిద్రలో లేపి అడిగినా మీరు చెప్పగలరు. రోగిని ముట్టుకునే ముందు అన్నది అందులో మొదటిది. క్రిములను చంపే హ్యాండ్ రబ్ చేతిలో వేసుకుని 20 నుంచి 30 సెకన్లు రుద్దుతారు. ఆ తర్వాత మంచం దాకా నాలుగడుగులు వేస్తారు. ఆ నాలుగడుగుల్లో పక్క బెడ్ మానిటర్ మోగిందనుకోండి, చేయి తనంతట తాను రింగు మీదికి పోతుంది. రబ్ రుద్దిన ఫలితం అక్కడికక్కడే పోయింది, ఆ సంగతి మీకే తెలియదు. నమ్మకమైన స్నేహితురాలు ఎవరైనా షిఫ్టులో ఉంటే, ఒక్కరోజు మీ చేయి ఎన్నిసార్లు చెవికి పోయిందో లెక్కపెట్టమనండి. ఆ అంకె విన్నాక నేను ఇంకేమీ చెప్పనవసరం లేదు.

సర్క్యులర్ రాకపోయినా చెవి విషయంలో నేను ఇదే చెప్పేదాన్ని. అది పూర్తిగా మానేదాకా, డ్రెస్సింగులు చేసే చేతులకు దగ్గరగా ఉండాల్సింది కాదు.

మిగతా రెండింటి లెక్క వేరు. మీ ముక్కు మానిపోయి ఏళ్లయింది. స్టాఫ్ ఆరియస్ అనే క్రిమి దాదాపు పదిమందిలో ముగ్గురి ముక్కులో ఎప్పుడూ ఉంటుంది, పుడక ఉన్నా లేకపోయినా. మూతికి మాస్కు ఉన్నంతసేపు ఆ చదునైన పుడక లోపలే ఉంటుంది. ఎన్95 మాస్కు అంచు ముక్కు దూలం మీద, చెంపల మీద కూర్చుంటుంది కాబట్టి మామూలుగా పుడక దానికి అడ్డు రాదు. అయినా మాస్కు మొహానికి సందు లేకుండా అమరిందో లేదో చూసే ఫిట్ టెస్ట్ చేయించుకునేటప్పుడు పుడక ఉంచుకునే చేయించుకోండి, రేపు ఎవరైనా అడిగితే కాగితం మీద జవాబు ఉంటుంది. కనుబొమ్మ కూడా మానింది కాబట్టి దాని నుంచి రోగికి క్రిములు చేరతాయని వాదించడం కష్టమే. అక్కడ నాకు కనిపించే ప్రమాదం ఇంకొకటి.

చాలా ఏళ్ల కిందటి మాట. నైట్ డ్యూటీ. ఆపరేషన్ అయిన రెండో రోజు ఒక పెద్దాయనకి డెలీరియం వచ్చి మతి తడబడింది. క్యాథెటర్ లాగేసుకుంటున్నారని వంగి ఆయన కుడిచేయి పట్టుకున్నాను. ఎడమచేయి గాల్లో తడుముకుంటూ వచ్చి నా చెవి రింగుకు తగిలింది. మునిగిపోయే మనిషి తాడు పట్టుకున్నట్టు పట్టుకుని లాగారు. తమ్మె చివరిదాకా చీలింది, మూడు కుట్లు పడ్డాయి. ఆ నొప్పి ఇప్పుడు గుర్తు లేదు. తెల్లారాక ఆయనకు తెలివి వచ్చి, తన గోళ్ల కింద ఎండిన రక్తం చూసుకుని "ఇది ఎవరిది సిస్టర్?" అని అడగడం మాత్రం గుర్తుంది. ఆయనకు ఏం చెప్పాలో తెలియక సబ్బునీళ్లు తెచ్చి చేతులు కడిగాను.

అప్పటి నుంచి నా కొలత ఒక్కటే. మంచం మీదున్న మనిషి చేయి చాస్తే ఏమందుతుంది? నగ ముక్కుకు ఉందా, కనుబొమ్మకు ఉందా అన్నది నాకు ముఖ్యం కాదు. వేలు దూరే సందు ఉందా లేదా అని చూస్తాను. చర్మానికి ఆనుకుని ఉండే పుడకను పట్టుకుని లాగడం కష్టం. రింగు ఎంత సన్నటిదైనా ఒక వేలు దూరితే చాలు. మీ కనుబొమ్మ రింగు కంటికి అంగుళం దూరంలో ఉంది.

ఫ్లారెన్స్ నైటింగేల్ కూడా నర్సుల వేషం గురించి కటువుగానే రాశారు. 1859లో వచ్చిన ఆమె నర్సింగ్ పుస్తకంలో పట్టు బట్టల గరగర, తాళంచెవుల గలగల, బూట్ల కిర్రుచప్పుడు ప్రపంచంలోని మందులన్నీ చేసే మేలుకన్నా రోగికి ఎక్కువ కీడు చేస్తాయన్నారు. ఆ మాటలో ఆమె బాధ ఆ చప్పుడు రోగిని ఏం చేస్తుందోనని.  మీ హాస్పిటల్ సర్క్యులర్‌ను కూడా ఆ కొలతతోనే చూడమంటాను.

అలా చూస్తే రాళ్ల ఉంగరాల మాట ముందుగా రావాలి. ఇంగ్లండులో ఆరోగ్య శాఖ 2007లో మోచేతి కింద ఏమీ ఉండకూడదనే పద్ధతి తెచ్చింది. వాచీ, గాజులు, రాళ్ల ఉంగరాలు వద్దు, సాదా ఉంగరం ఒకటి ఉంటే సరే అన్నారు. ఉంగరం కింద చర్మంలో క్రిములు ఎక్కువగా చేరతాయి, రాయి తగిలితే గ్లోవ్ చిరుగుతుంది. అంటే క్రిముల లెక్కలో మీ ఇన్‌ఛార్జి వేళ్లు మీ కనుబొమ్మకన్నా చాలా ముందున్నాయి. చూసి చూసి కళ్లకు అలవాటైపోయాయి కాబట్టి ఎవరూ అడగరు. కళ్లకు కొత్తదైతే వెంటనే తప్పుగా కనిపిస్తుంది. డాక్టర్ గారి చెవి రింగు విషయం కూడా అంతే. ఈ విషయంలో మీ కోపం పూర్తిగా న్యాయమైనది.

ఆ కూతురి ఫిర్యాదు దగ్గరికి వద్దాం. ఆవిడ అన్న మాట మోటుగా ఉంది, మీకు గుచ్చుకుంది. కానీ ఒక్కసారి ఆ మంచం మీద పడుకుని చూడండి. పైనుంచి ఒక మొహం మూరెడు దూరంలోకి వంగుతుంది. మీ ఆరేళ్ల అనుభవం అందులో కనిపించదు, మీరు సూది ఎంత మెత్తగా వేస్తారో కనిపించదు. భయంతో ఉన్న కుటుంబం ఏదో ఒకదాన్ని పట్టుకుని అనుమానపడుతుంది. ఆ రోజు వాళ్లకి మీ రింగు దొరికింది. అదే రింగు చూసి దగ్గరైన రోగులూ ఉండే ఉంటారు, ముఖ్యంగా వయసులో చిన్నవాళ్లు. అయినా తొలి నిమిషంలో నమ్మకం పుట్టకపోతే ఆ రోగి నొప్పి ఉన్నా బెల్ కొట్టడానికి వెనకాడతాడు. హాస్పిటల్ దాన్ని పట్టించుకోవడంలో తప్పు లేదు.

అలాగని రోగికి నచ్చనిదల్లా తీసేయాలంటే అంతు ఉండదు. నర్సు రంగు మీద, యాస మీద, మతం మీద కూడా ఫిర్యాదులు వస్తాయి. వాటికి ఏ హాస్పిటలూ తలవంచకూడదు. రింగు తీయగలిగిన వస్తువు, కాబట్టి అది వాటితో సమానం కాదని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఫిర్యాదు వచ్చిన రోజు మీ తరఫున ఒక్కరు ఆ కుటుంబంతో, "ఆవిడ ఆరేళ్లుగా ఈ వార్డు నర్సు, మీ నాన్నగారి బాధ్యత మాది" అని ఉండాల్సింది. అనలేదు. ఇంకోసారి ఎవరైనా అంటే వాదించకండి. మీ పేరు చెప్పండి, ఏ మందు ఎందుకు ఇస్తున్నారో చెప్పండి, అప్పటికీ వద్దంటే ఇంకొక నర్సును పంపి, ఆ సంగతి నోట్స్‌లో రాయండి.

హ్యాండోవర్‌లో జరిగిన దాన్ని రింగు సంగతితో కలపొద్దు. రింగు విషయంలో మీదే పూర్తి తప్పయినా, పదకొండు మంది ముందు అలా అనడం తప్పే. హ్యాండోవర్ అంటే "రాత్రి రెండింటి డోసు ఆలస్యమైంది" అని ఒక నర్సు భయపడకుండా చెప్పగలిగే చోటు. అక్కడ ఒకరిని చులకన చేస్తే, మర్నాటి నుంచి మిగతావాళ్లంతా తమ పొరపాట్లను మింగేస్తారు. దాని ఫలితం ఎవరో రోగి మీద పడుతుంది. ఆవిడ ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్లి చెప్పండి: "సిస్టర్, రింగుల గురించి మీరు చెప్పింది విన్నాను, దానికి జవాబు రాసి ఇస్తాను. కానీ అందరి ముందు ఆ మాట అనడం నాకు చాలా బాధ కలిగించింది. నాలో లోపం కనిపిస్తే పక్కకు పిలిచి చెప్పండి." అంతకు మించి ఒక్క మాట వద్దు. ఉంగరాల ఊసు అసలు ఎత్తొద్దు. ఎత్తారంటే మాట అంతా ఆవిడ వేళ్ల మీదికి మళ్లుతుంది, మీ బాధ పక్కకు పోతుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

షిఫ్టుకు ముందు మూడూ తీసి, ఇంటికొచ్చాక పెట్టుకోవడం వినడానికి తేలిక. ముక్కు రంధ్రం ఏళ్ల నాటిదైనా కొందరికి గంటల్లోనే బిగుసుకుంటుంది. పన్నెండు గంటల డ్యూటీ చేసి వచ్చి బలవంతంగా గుచ్చుకుంటే మళ్లీ గాయమే. చెవిదైతే రోజూ తీసి పెట్టే ప్రసక్తే లేదు, ఇంకా మానలేదు. ఈ దారిలో పోతే చెవి రంధ్రం పోయినట్టే అనుకోండి. కనుబొమ్మది కూడా మెల్లగా పోవచ్చు.

రెండోది, రింగులకు బదులు గాజుతోనో పీటీఎఫ్ఈ ప్లాస్టిక్‌తోనో చేసిన పారదర్శకమైన రిటైనర్ పెట్టుకోవడం. దూరానికి కనబడదు, రంధ్రం మూసుకోదు, వేలు దూరే సందూ ఉండదు. ముక్కుకీ కనుబొమ్మకీ ఇది బాగా పనికొస్తుంది. కానీ చెప్పకుండా పెట్టుకోవద్దు. సర్క్యులర్‌లో "కనిపించే నగలు" అని ఉంది కాబట్టి రిటైనర్ దానికిందికి రాదని మీరు అనుకోవచ్చు, ఒకరోజు ఎవరో దగ్గరగా చూసి మోసం అనవచ్చు. ముందే అడిగి రాతలో తీసుకోండి. ఆపరేషన్ థియేటర్‌లోకి వెళ్లే రోజు అదీ ఉండకూడదు. రోగి వెంట ఎమ్మారై గదిలోకి వెళ్లాల్సి వస్తే, ఒంటి మీద ఏముందో అక్కడి వాళ్లకు ముందే చెప్పాలి. చెవికి ఏదైనా మార్చాలంటే కుట్టినవాళ్ల దగ్గరే మార్పించుకోండి, సొంతంగా వద్దు.

మూడోది సూపరింటెండెంట్‌కు లెటర్ ఇవ్వడం. నా మొగ్గు ఇటే, ఎందుకంటే ఇది రెండో దారికి తలుపు తీస్తుంది. ఇన్ఫెక్షన్ కంట్రోల్ నర్సుతో ముందు మాట్లాడండి, ఆవిడ ఒప్పుకుంటే కాపీ ఆవిడకూ పంపండి. ఏ పియర్సింగ్ ఎన్నాళ్ల కిందటిదో, మానిందో లేదో ఉన్నదున్నట్టు రాయండి. చెవిని దాచొద్దు. అది మానేదాకా డ్రెస్సింగ్ పనులు లేని డ్యూటీ అడగండి, లేదా రింగు తీసేస్తానని చెప్పండి. ముక్కుపుడక ఉంచుకోవడానికీ, కనుబొమ్మకు రిటైనర్ పెట్టుకోవడానికీ అనుమతి అడగండి. చివర, ఈ నియమం వేళ్ల ఉంగరాలతో సహా డాక్టర్లకూ నర్సులకూ ఒకేలా వర్తిస్తుందా అని ఒక్క వాక్యంలో, ఎవరి పేరూ లేకుండా అడగండి. సూపరింటెండెంట్ కుదరదు అనవచ్చు. అప్పుడు కనీసం కారణం రాతలో వస్తుంది, గడువు కొంత పెరగొచ్చు. ఒక నష్టం కూడా ఉంది. లెటర్ ఇచ్చిన మనిషిగా కొన్నాళ్లు అందరి కళ్లూ మీ మీదే ఉంటాయి.

నాలుగోది పోట్లాట. మీది మతానికో సంస్కృతికో సంబంధించినదైతే లెక్క వేరేగా ఉండేది. దక్షిణాఫ్రికా రాజ్యాంగ న్యాయస్థానం 2007లో ఒక స్కూలు విద్యార్థిని ముక్కుపుడకను ఒప్పుకోకపోవడం అన్యాయమైన వివక్ష అని తీర్పు ఇచ్చింది. అక్కడ పుడక ఆ అమ్మాయి కుటుంబ ఆచారంతో ముడిపడి ఉంది. అమెరికాలో 2004లో ఒక అప్పీలు కోర్టు ముందుకు కనుబొమ్మ రింగు కేసే వచ్చింది. అది తన మతంలో భాగమని ఒక స్టోర్ ఉద్యోగిని వాదించింది. ఉద్యోగులు ఎలా కనిపించాలో చెప్పే హక్కు యజమానికి ఉందంటూ కోర్టు ఆమె వాదన ఒప్పుకోలేదు. మీది మీ మనసుకు సంబంధించిన కారణం. నాకు అది చిన్నదిగా అనిపించడం లేదు, కానీ నియమాల ముందు అది నిలబడటం కష్టం. క్రమశిక్షణ చర్య దాకా వెళ్తే అది మీ సర్వీసు రికార్డులో ఉండిపోతుంది.

ఉద్యోగం మారాలనుకుంటే మారండి, తప్పు లేదు. గాయాలు, డ్రెయిన్లు తక్కువుండే విభాగాల్లో ఈ పట్టింపు కూడా కొంత తక్కువ ఉండొచ్చు. ఇంటర్వ్యూలోనే యూనిఫాం నియమం అడిగి చదవండి. కానీ ఆ పదకొండు మంది ముందు తలదించుకున్న రోజు మీద కోపంతో మాత్రం రాజీనామా రాయకండి. ఆ మాట ఇన్‌ఛార్జితో తేల్చుకున్నాక కూడా వెళ్లాలనిపిస్తే అప్పుడు వెళ్లండి.

కనుబొమ్మ గురించి ఒక మాట. "పన్నెండు గంటలే కదా, తీసేస్తే ఏం పోతుంది?" అని మీకు చాలామంది చెప్పి ఉంటారు. నేను అలా అనలేను. ఆ మాస్కు గాట్లు నా ముక్కు మీదా ఉండేవి. ఎవరినీ ముట్టుకోకుండా, మొహం ఎవరికీ చూపించకుండా గడిపిన ఆ నెలల తర్వాత అద్దంలో తనను తాను గుర్తుపట్టాలనుకోవడం ఎలాంటిదో నాకు తెలుసు. అందుకే ఆ రంధ్రం మూసుకోకుండా కాపాడే దారి వెతకమంటున్నాను. డ్యూటీలో సన్నటి గాజు రిటైనర్, డ్యూటీ దిగాక మీ రింగు. మీ సూపరింటెండెంట్ మంచి మనిషైతే దీనికి ఒప్పుకోవచ్చు.

లెటర్ రాశాక కావాలంటే నాకు పంపండి, చూసి పెడతాను. దానికన్నా ముందు రేపు పొద్దున వెలుతురులో ఆ చెవి చూసుకోండి. ఎర్రగా ఉబ్బి, వేడిగా ఉండి, ముట్టుకుంటే నొప్పి ఉంటే ఆ రోజే డాక్టర్‌కు చూపించండి. రింగు మీరే లాగేయొద్దు. పైన రంధ్రం మూసుకుని చీము లోపల చిక్కుకుపోవచ్చు, ఎప్పుడు తీయాలో డాక్టర్‌నే చెప్పనివ్వండి.